వీడియోలో పాట వాడాలంటే ఎవరి అనుమతి కావాలి, ఎలా తెచ్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రయాణాల వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఒక వీడియోలో పేరున్న పాట ఒకటి ఇరవై సెకన్ల పాటు వెనకాల వేశారు. కింద పాట పేరు, పాడినవాళ్ల పేరు రాశారు. "హక్కులన్నీ అసలు యజమానులవే" అని ఓ వాక్యం కూడా పెట్టారు. ఛానెల్ మీద మీకు ఆదాయమేమీ లేదు. అయినా కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. డిస్ప్యూట్ చేస్తే, అంటే ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లో అభ్యంతరం పెడితే నిలుస్తుందా, ఇకమీదట టెన్షన్ లేకుండా పాటలు వాడుకునే దారి ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఆ క్లెయిమ్ న్యాయమైనదే. డిస్ప్యూట్ చేయకండి. దారులు మాత్రం ఉన్నాయి, వాటిలో కొన్నిటికి డబ్బు కూడా అక్కర్లేదు. వీడియోలకీ డాక్యుమెంటరీలకీ సంగీతం హక్కులు ఇప్పించే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది "ఎన్ని సెకన్లు వాడొచ్చు?" అనే అడుగుతారు. అడగాల్సింది వేరు. ఈ పాట ఎవరిది, నేను చేయబోయే పనికి వాళ్లు ఒప్పుకున్నట్టు నా దగ్గర రాతలో ఏముంది? ఈ ప్రశ్న ఎడిటింగ్‌కి కూర్చోకముందే వేసుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

పది సెకన్లయితే ఫర్వాలేదు, ముప్పై దాకా ఎవరూ అడగరు అనే మాటలు ఎవరు మొదలుపెట్టారో గానీ, నేను చూసిన ఏ కాపీరైట్ చట్టంలోనూ అలాంటి లెక్క లేదు. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన ఒక రికార్డింగులోంచి సుమారు రెండు సెకన్ల తాళం ముక్కను వేరే నిర్మాతలు 1997లో తమ పాటలో వాడుకున్నారు. ఆ గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ముందుకు వచ్చింది. ముక్క ఎంత చిన్నదైనా, వింటే గుర్తుపట్టలేనంతగా మార్చితే తప్ప, రికార్డింగు యజమాని అనుమతి కావాల్సిందేనని కోర్టు చెప్పింది. రెండు సెకన్లకే అంత కథ నడిచింది. మీ ఇరవై సెకన్లు ఏ లెక్కన చూసినా చిన్న ముక్క కాదు.

క్రెడిట్ ఇవ్వడం మర్యాదే, కొన్ని లైసెన్సుల్లో షరతు కూడా. కానీ అది అనుమతికి బదులు కాదు. "హక్కులు నావి కావు" అన్న వాక్యం మీకు మేలు చేయకపోగా, పాట వేరేవాళ్లదని తెలిసే వాడారని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది. ఆదాయం లేకపోవడం కొన్ని మినహాయింపుల దగ్గర కలిసొచ్చే అంశమే, కానీ ఒక్కదానివల్లే ఎవరూ బయటపడరు. స్ట్రీమింగ్ యాప్‌కి నెలనెలా డబ్బు కడుతున్నామన్నా, పాట కొనుక్కున్నామన్నా అది వినడానికి కట్టిన డబ్బు. ఇంకొందరు పాట శ్రుతి కొంచెం పెంచి, వేగం మార్చి పెడతారు. దానివల్ల సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. కానీ విషయం కోర్టు దాకా వెళ్తే, తెలిసి దాచారనడానికి అదే సాక్ష్యం. అమెరికా చట్టంలో ఇది చిన్న తేడా కాదు. హక్కుదారు ముందే రిజిస్టర్ చేయించుకుని ఉంటే ఒక్కో రచనకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా నష్టపరిహారం వేయవచ్చు, కావాలని చేశారని తేలితే అది 1,50,000 దాకా పోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఒక పాటలో రెండు వేరువేరు హక్కులుంటాయి. ఒకటి రచన హక్కు, అంటే సాహిత్యం, బాణీ. ఇది రాసినవాళ్లదీ స్వరపరిచినవాళ్లదీ, లేదా వాళ్ల తరఫున చూసుకునే మ్యూజిక్ పబ్లిషర్‌దీ. రెండోది రికార్డింగు హక్కు. స్టూడియోలో పాడి, వాయించి, మిక్స్ చేసి విడుదల చేసిన ఆ ఆడియో మీద హక్కు. దీన్ని మాస్టర్ అంటారు, మామూలుగా ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది. వీడియోలో పాట పెట్టాలంటే రచన యజమాని నుంచి సింక్ లైసెన్సు (పాటని దృశ్యాలతో జత చేసుకునే అనుమతి), రికార్డింగు యజమాని నుంచి మాస్టర్ లైసెన్సు, రెండూ కావాలి. ఇద్దరి పేరున ఉన్న ఇంటిని ఒక్కరి సంతకంతో కొనలేం కదా, ఇదీ అంతే. గాయకుడు మీకు స్నేహితుడై "వాడుకో బ్రదర్" అన్నా, ఆ రెండు హక్కుల్లో ఏదీ ఆయన చేతిలో లేకపోతే ఆ మాట చెల్లదు.

ఈ హక్కులు పాట పుట్టిన క్షణం నుంచే ఉంటాయి. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలన్నిట్లో రిజిస్ట్రేషన్ లేకపోయినా, కాపీరైట్ గుర్తు వేయకపోయినా రక్షణ ఉన్నట్టే. కాబట్టి "ఎక్కడా కాపీరైట్ అని రాయలేదు, అందుకే వాడాను" అనే వాదన కూడా నిలవదు.

మరి ఫెయిర్ యూజ్, అంటే కొన్ని సందర్భాల్లో అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే చట్టపు మినహాయింపు, దాని సంగతేమిటి అంటారు. అది నిజంగానే ఉంది, విలువైనదే. కాకపోతే ఎక్కువమంది దాన్ని తమకు వర్తించని చోట వాడుతుంటారు. అమెరికా చట్టంలో కోర్టు నాలుగు విషయాలు కలిపి చూస్తుంది: ఎందుకు వాడారు, ఎలాంటి రచన, ఎంత భాగం, అసలు పాట మార్కెట్‌కి దెబ్బ తగిలిందా. పాత పాటకి వ్యంగ్య అనుకరణ చేసిన ఒక ర్యాప్ బృందం కేసులో 1994లో అక్కడి సుప్రీంకోర్టు, వాడుకలో కొత్త అర్థం పుడుతుంటే దానికి బరువు ఉంటుందని చెప్పింది. బ్రిటన్, భారత్ లాంటి చోట్ల ఉన్నది ఫెయిర్ డీలింగ్. అది ఇంకాస్త ఇరుకు. విమర్శ, సమీక్ష, వార్త లాంటి కారణాలను చట్టమే పేర్కొంటుంది, మీ వాడుక వాటిలో ఇమడాలి. బ్రిటన్‌లో 2014 నుంచి పేరడీ కూడా చేరింది. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ ఆదేశం (డైరెక్టివ్) ప్రకారం కోట్ చేయడం, విమర్శ, సమీక్ష, పేరడీ లాంటివాటికి ప్లాట్‌ఫారాలు చోటివ్వాలి.

వాడుకలో తేడా ఎలా ఉంటుందో చెప్తాను. ఒకరు పాటలో ఎనిమిది సెకన్లు వినిపించి ఆపారు. ఇక్కడ తాళం మారింది, వెనకాల బేస్ ఎలా తప్పుకుందో వినండి అన్నారు. అదే ముక్క మళ్లీ వేసి, వేరే పాటతో పోల్చారు. ఆ వీడియోలో మాట్లాడుతున్నదే ఆ పాట గురించి. సంగీతం వినిపించకపోతే విమర్శే లేదు. ఇది మినహాయింపు కిందికి వచ్చే అవకాశం బలంగా ఉన్న వాడుక. ఇంకొకరు కొండ అంచున సూర్యోదయం చూపిస్తూ అదే పాటను అదే ఎనిమిది సెకన్లు వేశారు. అక్కడ పాట చేస్తున్న పని మూడ్ తేవడం. ఆ పని కోసమే సినిమాలవాళ్లూ యాడ్‌లవాళ్లూ డబ్బు కట్టి లైసెన్సు తీసుకుంటారు. కాబట్టి ఇది మినహాయింపు కాదు. మీ వీడియో ఈ రెండో కోవలోకి వస్తుంది. అందుకే డిస్ప్యూట్ వద్దన్నాను.

ఫెయిర్ యూజ్ నిజంగా మీ పక్షాన ఉన్నా అది కోర్టులో తేలే విషయమని మర్చిపోకండి. 2007లో ఒక తల్లి తన చిన్నపిల్లవాడు వంటింట్లో గంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెట్టింది. వెనకాల ఎక్కడో ప్రిన్స్ అనే గాయకుడి పాట వినిపిస్తోంది. హక్కుదారు తీయించేశారు. ఆమె కోర్టుకెళ్లింది. తొలగించమని నోటీసు పంపే ముందు అది ఫెయిర్ యూజ్ అవుతుందేమో హక్కుదారు ఆలోచించాలని 2015లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. మనలాంటివాళ్లకు మంచి తీర్పే. కానీ కేసు చివరికి 2018లో రాజీతో ముగిసింది, 29 సెకన్ల కోసం పదేళ్లకు పైగా పట్టింది.

చట్టం వేరు, ప్లాట్‌ఫారం సాఫ్ట్‌వేర్ వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే చాలామంది అనవసరంగా కంగారు పడతారు, లేదా అనవసరంగా ధీమాగా ఉంటారు. యూట్యూబ్‌లో 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ఉంది. హక్కుదారులు ఇచ్చిన ఆడియోతో మీ వీడియోని పోల్చి చూస్తుంది. సరిపోలితే క్లెయిమ్ పడుతుంది. అప్పుడు హక్కుదారు వీడియోని ఆపేయొచ్చు, దాని మీద యాడ్‌లు వేసి ఆ డబ్బు తీసుకోవచ్చు, లేదా ఊరికే లెక్కలు చూస్తూ వదిలేయొచ్చు. క్లెయిమ్ వల్ల ఛానెల్‌కి మచ్చ పడదు. స్ట్రైక్ అలా కాదు. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు నోటీసు ఇస్తే స్ట్రైక్ వస్తుంది, 90 రోజుల్లో మూడు వస్తే ఛానెల్ మూతపడే ప్రమాదం ఉంది. మీకు వచ్చింది క్లెయిమ్ మాత్రమే, కాబట్టి ఊపిరి పీల్చుకోండి. అలాగే క్లెయిమ్ రాలేదంటే అనుమతి ఉన్నట్టు కాదు, ఆ పాట ఇంకా ఆ డేటాబేస్‌లో లేదని మాత్రమే. రేపు చేరితే మీ పాత వీడియోలకు కూడా క్లెయిములు వస్తాయి.

డిస్ప్యూట్ ఎప్పుడు చేయాలంటే, మీ దగ్గర లైసెన్సు ఉన్నప్పుడు, లేదా సాఫ్ట్‌వేర్ పొరబడినప్పుడు. డిస్ప్యూట్ పెట్టాక అవతలివాళ్లకి 30 రోజుల గడువు. వాళ్లు తిరస్కరిస్తే మీరు అప్పీల్ చేయొచ్చు, దానికి వాళ్లు 7 రోజుల్లో జవాబివ్వాలి. ఇక్కడ జాగ్రత్త: అప్పీల్ దశలో వాళ్లు క్లెయిమ్ వదులుకోకుండా తొలగింపు నోటీసు ఇస్తే అది స్ట్రైక్‌గా మారుతుంది. దాని మీద కౌంటర్ నోటిఫికేషన్ (తొలగింపు తప్పని చట్టప్రకారం ఇచ్చే జవాబు) ఇవ్వాలంటే మీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, అవి అవతలివాళ్లకి చేరతాయి. కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా రాయాలి. ఆ తర్వాత 10 పనిదినాల్లో వాళ్లు కోర్టుకెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగొస్తుంది. చేతిలో కాగితం ఉన్నవాళ్లు భయపడకుండా ఈ మెట్లన్నీ ఎక్కొచ్చు, ఎక్కాలి కూడా. కాగితం లేనివాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగడం మేలు. ఆదాయం ఉన్న ఛానెళ్లకి ఒక మాట: క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ పెడితే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు పక్కన పెట్టి ఉంచుతారు, చివరికి ఎవరు గెలిస్తే వాళ్లకి ఇస్తారు.

సరే, దారుల్లోకి వద్దాం. మీలాంటి ఛానెల్‌కి మొదటి అడుగు ప్లాట్‌ఫారం సొంత లైబ్రరీ. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ట్రాకులు ఉచితంగా దొరుకుతాయి, ఆదాయం వచ్చే వీడియోల్లో కూడా వాడొచ్చు. కొన్నిటికి మాత్రం క్రెడిట్ రాయాలి, అది పక్కనే గుర్తుతో చూపిస్తారు. షార్ట్స్‌లోనూ రీల్స్‌లోనూ పేరున్న పాటలు ఎంచుకునే వీలుంది కదా, అది ఆ యాప్ చేసుకున్న ఒప్పందం వల్ల. ఆ ఒప్పందం ఆ యాప్ గడప దాటదు. అక్కడ చేసిన వీడియోని డౌన్‌లోడ్ చేసి ఇంకోచోట పెట్టినా, అదే పాటతో పొడుగు వీడియో చేసినా ఆ అనుమతి వెంట రాదు.

క్రియేటివ్ కామన్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని సగం చదివి వాడేవాళ్లే ఎక్కువ. ఈ లైసెన్సులు 2002లో మొదలయ్యాయి. స్వరకర్త ముందే "ఈ షరతుల మీద ఎవరైనా వాడుకోండి" అని ప్రకటిస్తాడన్నమాట. ట్రాక్ పేజీలో "సీసీ" అన్న రెండు అక్షరాలు చూసి ఆగిపోకండి, వాటి పక్కన ఏముందో చూడండి. ఒక్క "బై" ఉంటే క్రెడిట్ ఇచ్చి ఎలాగైనా వాడొచ్చు, డబ్బొచ్చే వీడియోలోనైనా సరే. "ఎన్‌సీ" ఉంటే వ్యాపారానికి పనికిరాదు. యాడ్‌లు వస్తున్న వీడియో వ్యాపారం కాదని వాదించడం కష్టం కాబట్టి ఆదాయం మొదలుపెట్టే ఆలోచన ఉంటే దాని జోలికి పోకండి. "ఎన్‌డీ" అంటే మార్పులు చేసిన రూపాన్ని పంచకూడదని. దీని దగ్గరే అందరూ బోల్తా పడతారు. ట్రాక్‌ని కత్తిరించకుండా మొత్తం వాడితే మార్పు చేసినట్టు కాదు కదా అనుకుంటారు. కానీ సంగీతాన్ని కదిలే బొమ్మలతో కలిపి కూర్చడాన్నే మార్పు చేసిన రచనగా పరిగణిస్తామని ఆ లైసెన్సు పూర్తి పాఠంలో స్పష్టంగా రాసి ఉంది. అంటే ఎన్‌డీ ఉన్న ట్రాక్‌ని వీడియో వెనకాల పెట్టనే కూడదు. అదే కారణం వల్ల "ఎస్ఏ" (అదే షరతుతో పంచాలి) ఉన్న ట్రాక్ వాడితే మీ వీడియో మొత్తాన్నీ అలాంటి లైసెన్సు కిందే విడుదల చేయాలి, అంటే ఇతరులు మీ వీడియోని తీసుకుని మార్చుకోవచ్చు. మీకు ఇష్టమైతే మంచిదే, తెలియకుండా చేస్తే మాత్రం ఇబ్బంది.

క్రెడిట్ కూడా "మ్యూజిక్: ఇంటర్నెట్" అని రాస్తే సరిపోదు. ట్రాక్ పేరు, స్వరకర్త పేరు, దొరికిన పేజీ లింకు, లైసెన్సు పేరు, దాని లింకు ఇవ్వాలి. మీరు నిడివి తగ్గిస్తే ఆ సంగతి కూడా ఒక ముక్కలో రాయాలి. క్రియేటివ్ కామన్స్ 4.0 వెర్షన్ లైసెన్సులో పొరపాటున షరతు తప్పినా, తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కు తిరిగొస్తుంది. ఎవరైనా మెయిల్ పెట్టి క్రెడిట్ సరిగ్గా లేదంటే వాదనకి దిగకుండా ఆ రోజే సరిచేయండి.

"నో కాపీరైట్ మ్యూజిక్" అనే పేరుతో వందల ట్రాకులు పెట్టే ఛానెళ్లని గుడ్డిగా నమ్మకండి. చాలాసార్లు ఆ ట్రాక్ వాళ్లది కాదు. అసలు స్వరకర్త సొంత పేజీకి వెళ్లి, అక్కడ అదే లైసెన్సు కనిపిస్తేనే తీసుకోండి. ఇది రెండు నిమిషాల పని, కానీ నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావాటిని ఈ రెండు నిమిషాలే ఆపి ఉండేవి.

డబ్బు పెట్టగలిగితే స్టాక్ మ్యూజిక్ సంస్థలు ఉన్నాయి. రాయల్టీ ఫ్రీ అని అమ్మేది ఇక్కడే: ఒకసారో నెలనెలానో కడితే, వీడియో ఎంతమంది చూసినా మళ్లీ కట్టక్కర్లేదు. సబ్‌స్క్రిప్షన్ తీసుకునే ముందు నిబంధనల్లో రెండు విషయాలు వెతకండి. చందా ఆపేశాక, అంతకుముందు పెట్టిన వీడియోలకు రక్షణ ఉంటుందా? మీ పని క్లయింట్ ఛానెల్‌లో పెడితే చెల్లుతుందా? ఎక్కువ చోట్ల మొదటిదానికి అవుననే ఉంటుంది, రెండోదానికి వేరే ప్లాన్ అడుగుతారు. మీ ఛానెల్‌ని వాళ్ల దగ్గర నమోదు చేయించుకుంటే క్లెయిములు ముందే ఆగిపోతాయి.

హక్కుల గడువు తీరిన సంగీతం మరో దారి. బీథోవెన్ 1827లో పోయాడు, ఆయన రచనలు అందరివీ. కానీ ఆయన సింఫనీని నిరుడు ఒక ఆర్కెస్ట్రా వాయించి విడుదల చేస్తే ఆ రికార్డింగు వాళ్లది. పైన చెప్పిన రెండు హక్కులు ఇక్కడే బాగా అర్థమవుతాయి. రచన గడువు యూరప్, బ్రిటన్‌లలో స్వరకర్త పోయాక 70 ఏళ్లు, భారత్‌లో 60. రికార్డింగుల లెక్క వేరు. అమెరికాలో 1923కి ముందు విడుదలైన రికార్డింగులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి. మీ వీడియో అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి ఒక్క దేశం గడువు చూసి సంబరపడకండి. మీకు పియానో వచ్చినా, వాయించే స్నేహితులున్నా, పాత రచనని కొత్తగా వాయించి రికార్డు చేసుకోండి. అప్పుడు రెండు హక్కుల చిక్కూ ఉండదు. ఒకే రచనని ఎందరో వాయించి ఉంటారు కాబట్టి సాఫ్ట్‌వేర్ పొరబడి క్లెయిమ్ వేయొచ్చు. అది ధైర్యంగా డిస్ప్యూట్ చేయాల్సిన సందర్భం.

కవర్ పాటల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. మీరే పాడి, మీరే వాయిస్తే రికార్డింగు హక్కు మీదే. రచన హక్కు మాత్రం ఇంకా అవతలివాళ్లదే, వీడియోకి సింక్ అనుమతి కావాలి. యూట్యూబ్‌కి చాలామంది పబ్లిషర్లతో ఒప్పందాలున్నాయి కాబట్టి సాధారణంగా కవర్‌ని ఉండనిచ్చి, ఆదాయంలో వాటా తీసుకుంటారు. ఇంకొకరి కరోకే ట్రాక్ మీద పాడితే మాత్రం ఆ ట్రాక్ రికార్డింగు హక్కు మళ్లీ మధ్యలోకి వస్తుంది.

ఇంతా విని కూడా "నాకు ఆ పాటే కావాలి" అంటే నేరుగా అడగడమే. అసాధ్యమేం కాదు, ముఖ్యంగా చిన్న లేబుళ్లు (ఆడియో కంపెనీలు), సొంతంగా విడుదల చేసుకునే కళాకారుల దగ్గర. నేను పంపే మెయిల్ ఇలా ఉంటుంది: వీడియో దేని గురించి, పాట ఏ సన్నివేశంలో ఎన్ని సెకన్లు వస్తుంది, ఏయే ప్లాట్‌ఫారాల్లో పెడతాం, ప్రపంచమంతటికా, ఎన్నేళ్లకి, ఛానెల్‌కి ఆదాయం ఉందా, స్పాన్సర్ ఉన్నారా. ఇవన్నీ మొదటి మెయిల్లోనే ఉంటే జవాబు త్వరగా వస్తుంది. "మీ పాట వాడుకోవచ్చా సార్?" అని ఒక్క లైను పంపితే వాళ్లు ఇవే ప్రశ్నలు తిరిగి అడగాలి, చాలామంది అడగరు, వదిలేస్తారు. జవాబు రాకపోవడం అంగీకారం కాదు. ఒక పాటని నలుగురు కలిసి రాసి ఉంటే నలుగురి వాటాలకీ అనుమతి కావాలి, అందులో ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. పబ్లిషరూ లేబులూ తరచుగా "అవతలివాళ్లకి ఎంత ఇస్తే మాకూ అంతే" అనే షరతు పెడతారు, కాబట్టి ఒకరు చెప్పిన రేటుని రెండింతలు చేసి బడ్జెట్ వేసుకోండి. ఇంకొకటి: సంగీత హక్కుల సొసైటీలు ఎక్కువగా చూసుకునేది బహిరంగ ప్రదర్శన, ప్రసార హక్కులు. సింక్ కోసం చాలాసార్లు పబ్లిషర్‌నే పట్టుకోవాలి. సొసైటీ డేటాబేస్ మాత్రం పాట ఎవరిదో కనుక్కోవడానికి బాగా ఉపయోగపడుతుంది.

నా మనసుకి నచ్చిన దారి ఇంకొకటుంది. కొత్తగా పనిచేస్తున్న స్వరకర్తతో మీ ఛానెల్‌కి ఓ చిన్న థీమ్ చేయించుకోవడం. మీకు గుర్తింపు, వాళ్లకి పని. డబ్బు ఎంతైనా ఒప్పందం రాసుకోండి: హక్కు మీకు బదిలీ అవుతుందా, లేక లైసెన్సు మాత్రమేనా, ఆ ట్రాక్‌ని కంటెంట్ ఐడీలో ఎవరు నమోదు చేస్తారు, అందులో కొనుక్కున్న లూపులు (ఎవరైనా కొని వాడుకునే రెడీమేడ్ సంగీతం ముక్కలు) ఏమైనా ఉన్నాయా. లూపుల సంగతి ఎందుకంటే, అదే లూప్ వాడిన వేరే ట్రాక్ పేరు మీద మీకు క్లెయిమ్ రావచ్చు.

ఏఐతో చేయించిన సంగీతం వాడొచ్చా అంటే, ముందు ఆ సర్వీసు నిబంధనలు చదవాలి. ఉచిత ప్లాన్‌లో చేసినదాన్ని వ్యాపారానికి వాడొద్దనే చోట్లు ఉన్నాయి. మనిషి సృజన లేకుండా పూర్తిగా యంత్రం చేసినదానికి కాపీరైట్ ఇవ్వమని అమెరికా కాపీరైట్ ఆఫీసు చెబుతోంది, అంటే దాన్ని ఇంకొకరు ఎత్తుకుపోయినా మీరు ఆపడం కష్టం. 2024 జూన్‌లో పెద్ద ఆడియో కంపెనీలు అలాంటి రెండు సర్వీసుల మీద కేసులు వేశాయి కూడా. ఛానెల్ గుర్తింపు మొత్తం దాని మీద ఆధారపడేలా చేసుకోకండి అంటాను.

మీవి ప్రయాణాల వీడియోలు కాబట్టి ఒక ప్రత్యేక సమస్య. మీరు వాడకపోయినా, షూట్ చేస్తున్న చోట మోగుతున్న పాట మీ మైకులో పడుతుంది. బ్రిటన్ లాంటి కొన్ని చట్టాల్లో యాదృచ్ఛికంగా పడ్డ సంగీతానికి మినహాయింపు ఉంది, కావాలని చేర్చితే అది వర్తించదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఈ తేడా తెలియదు. అందుకే అక్కడి చప్పుడుని పాట లేని చోటో, పాట ఆగినప్పుడో ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోండి. మాట్లాడేటప్పుడు కాలర్ మైకు పెట్టుకోండి. ఎడిటింగులో పాట పడ్డ ఆడియో తీసేసి ఆ విడి చప్పుడు వేస్తే చూసేవాళ్లకి తేడా తెలియదు. లైవ్ పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అక్కడ ఎడిటింగ్ లేదు. 2020లో ట్విచ్ అనే లైవ్ వీడియోల సైటులో పాత క్లిప్పుల మీద ఒక్కసారిగా నోటీసులు కుప్పలుగా వచ్చిపడి చాలామంది తమ పాత వీడియోలన్నీ తీసేసుకోవాల్సి వచ్చింది.

రేపు మీకు స్పాన్సర్ దొరికితే లెక్క పూర్తిగా మారిపోతుంది. యాప్‌లలోని పేరున్న పాటల లైబ్రరీ సాధారణంగా వ్యక్తిగత వాడకానికే. వ్యాపార ఖాతాలకి విడిగా వేరే లైబ్రరీ ఉంటుంది. బ్యాంగ్ అనే ఎనర్జీ డ్రింక్ కంపెనీ టిక్‌టాక్ ప్రచార వీడియోల్లో పేరున్న పాటలు వాడితే, యూనివర్సల్, సోనీ సంస్థలు వేసిన కేసుల్లో 2022లో అమెరికా కోర్టు ఉల్లంఘన జరిగిందని తేల్చింది. యాప్‌లో పాట దొరుకుతోంది కదా అన్నది అక్కడ కాపాడలేదు. స్పాన్సర్ ఉన్న ప్రతి వీడియోకీ మీ సంగీతం లైసెన్సులో "వాణిజ్య ప్రచారం" అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

వాడిన ప్రతి ట్రాక్‌కీ ఒక ఫోల్డర్ పెట్టండి. అందులో లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా, డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలు, రశీదు, మెయిళ్లు ఉండాలి. ట్రాక్ పేజీలు మాయమవుతాయి, స్వరకర్తలు లైసెన్సు మార్చుకుంటారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుని ఒకసారి ఇచ్చాక, షరతులు పాటిస్తున్నవాళ్ల నుంచి వెనక్కి తీసుకోలేరు. కానీ మీరు తీసుకున్న రోజు అది ఉందని చూపించాల్సింది మీరే.

ఇక ఇప్పుడున్న వీడియో. యూట్యూబ్ స్టూడియోలో ఆ క్లెయిమ్ తెరిచి, ముందు దాని ప్రభావం ఏమిటో చదవండి. వీడియో కనబడుతూనే ఉండి, యాడ్ డబ్బు మాత్రం హక్కుదారుకి వెళ్తుంటే, ఆదాయం లేని మీకు వెంటనే నష్టమేమీ లేదు. కాకపోతే అది వాళ్ల దయ మీద నడిచే ఏర్పాటు, రేపు ఆపేయమంటే ఆగిపోతుంది. నేనైతే అక్కడే ఉన్న టూల్స్‌తో ఆ పాటని లైబ్రరీ ట్రాక్‌తో మార్చేస్తాను, లేదా మీ మాటలు ఉంచి పాట మాత్రం చెరిపేసే ఆప్షన్ వాడతాను. వీడియో లింకు, వ్యూలు, కామెంట్లు అలాగే ఉంటాయి, మార్పు పూర్తవగానే క్లెయిమ్ తొలగిపోతుంది. ఆ తర్వాత పాత వీడియోలన్నీ ఒకసారి తిరగేసి, క్లెయిమ్ రాకపోయినా అనుమతి లేని పాటలు ఎక్కడున్నాయో రాసుకుని ఎక్కువమంది చూసేవాటి నుంచి మొదలుపెట్టండి. కొత్త వీడియోకి ఏదైనా ట్రాక్ అనుకుని దాని లైసెన్సు అర్థం కాకపోతే, ఆ పేజీలో ఉన్న మాటలు ఉన్నదున్నట్టు నాకు పంపండి. చదివి ఏది కుదురుతుందో, ఏది కుదరదో చెప్తాను.